కలవడం వేరు, కరిగిపోవడం వేరు: అమెరికాలో లాటినో పరిశోధన కేంద్రాలు చేతులు కలిపిన చరిత్ర



ఈ వరుసలో ఇప్పటిదాకా ఉద్యమాల గురించే ఎక్కువ మాట్లాడుకున్నాం. ఈసారి ఉద్యమం తర్వాతి కథ చూద్దాం. ధర్నా ముగుస్తుంది. పది డిమాండ్లలో ఒకటి నెగ్గుతుంది. యూనివర్సిటీ ఓ మూల బిల్డింగులో ఒక గది ఇస్తుంది, తలుపు మీద "అధ్యయన కేంద్రం" అని బోర్డు పెడుతుంది. అందరం ఫోటో దిగుతాం. ఆ తర్వాత ఆ గదికి ఏమవుతుంది? పదేళ్ల తర్వాత అందులో ఎవరుంటారు? అక్కడ తయారైన జ్ఞానం ఎవరి చేతికి చేరుతుంది?

అమెరికాలో ఈ ప్రశ్నను గట్టిగా ఎదుర్కొన్నవాళ్లు లాటినోలు. 1983లో నాలుగు విశ్వవిద్యాలయాల్లోని నాలుగు చిన్న కేంద్రాలు ఒక కూటమి కట్టాయి. దాని పేరు ఇంటర్ యూనివర్సిటీ ప్రోగ్రామ్ ఫర్ లాటినో రీసెర్చ్. పొట్టిగా ఐయూపీఎల్ఆర్. మన దగ్గర ఈ పేరు విన్నవాళ్లు చాలా తక్కువ. మాల్కం ఎక్స్ తెలుసు, బ్లాక్ పాంథర్స్ తెలుసు, ఇది తెలియదు. ఎందుకంటే ఇందులో తుపాకీ లేదు, నినాదం లేదు. ఉన్నదల్లా సర్వేలు, ఫెలోషిప్పులు, సెమినార్లు, పుస్తకాలు. కానీ ఒక అణగారిన సమూహం తన గురించి తానే రాసుకునే హక్కును ముప్పై, నలభై ఏళ్లు కాపాడుకోవాలంటే ఈ బోరు పనులే ముఖ్యం.

ముందు పేర్లు తెలుసుకుందాం. లాటిన్ అమెరికా దేశాల మూలాలున్న అమెరికా వాసులందరికీ కలిపి వాడే మాట లాటినో. ఆ గొడుగు కింద మెక్సికో మూలాలవాళ్లు, పోర్టోరికన్లు, క్యూబన్లు, డొమినికన్లు, సాల్వడోరన్లు, ఇంకా చాలామంది ఉన్నారు. మెక్సికన్ సంతతి యువత 1960ల్లో తమకు తాము పెట్టుకున్న పోరాట నామం చికానో. అంతకుముందు అది చులకన చేసి పిలిచే మాట. తిట్టును తలెత్తి జెండా చేసుకోవడం మనకు కొత్త కాదు కదా.

ఈ సమూహాలు అమెరికాలోకి వచ్చిన దారులు వేర్వేరు. 1848లో యుద్ధంలో ఓడిన మెక్సికో తన భూభాగంలో సగానికి పైగా అమెరికాకు వదులుకుంది. కాలిఫోర్నియా, న్యూమెక్సికో ప్రాంతాల్లో అప్పటికే ఉన్న మెక్సికన్లు ఇల్లు కదలకుండానే పరాయి దేశంలో పడ్డారు. "మేం సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటింది" అని వాళ్లు అనే మాట అక్కడి నుంచి వచ్చింది. పోర్టోరికో 1898లో స్పెయిన్ చేతి నుంచి అమెరికా చేతికి మారింది. 1917లో అక్కడివాళ్లకు అమెరికా పౌరసత్వం ఇచ్చారు, కానీ ఆ ద్వీపంలో ఉండేవాళ్లకు అధ్యక్ష ఎన్నికల్లో ఓటు ఈరోజుకీ లేదు. ఒకరిది ఆక్రమించిన భూమి, ఇంకొకరిది వలస పాలన. భాష ఒకటే కావచ్చు, చరిత్ర ఒకటి కాదు.

బడి మాత్రం ఇద్దరినీ ఒకేలా చూసింది. కాలిఫోర్నియా, టెక్సాస్‌లలో మెక్సికన్ పిల్లలకు వేరే బడులు ఉండేవి. స్పానిష్ మాట్లాడితే దెబ్బలు. కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో ఒక జంట దీన్ని కోర్టుకు లాగింది. భర్త గొంజాలో మెండెజ్ మెక్సికన్. భార్య ఫెలిసిటాస్ పోర్టోరికన్. 1946లో కింది కోర్టులో, 1947లో అప్పీలు కోర్టులో గెలిచారు. నల్లజాతి సంస్థ ఎన్‌ఏఏసీపీ తరఫున థర్‌గుడ్ మార్షల్ వాళ్లకు మద్దతుగా కోర్టులో వాదన దాఖలు చేశారు. 1954లో బడుల్లో వేర్పాటును కొట్టేసిన ప్రసిద్ధ బ్రౌన్ తీర్పు కంటే ఏడేళ్ల ముందు సంగతి ఇది. ఒక మెక్సికన్, ఒక పోర్టోరికన్, పక్కన నల్లజాతి న్యాయవాదులు. ఈ కలయికను గుర్తుపెట్టుకోండి. తర్వాత విశ్వవిద్యాలయాల్లో జరిగిందీ ఇలాంటిదే.

బడి ఇలా ఉంటే పుస్తకాలు ఇంకోలా గాయం చేశాయి. మన గురించి ఎవరు రాస్తున్నారు, ఎక్కడ నిలబడి రాస్తున్నారు అన్నది చిన్న ప్రశ్న కాదు. మానవశాస్త్రవేత్త ఆస్కార్ లూయిస్ "పేదరిక సంస్కృతి" అనే సిద్ధాంతం తెచ్చాడు. పేదల జీవన విధానమే వాళ్లను తరతరాలుగా పేదలుగా ఉంచుతుందని దాని సారం. ఒక పోర్టోరికన్ కుటుంబం మీద ఆయన రాసిన "లా విదా" 1966లో వచ్చింది, మరుసటి ఏడాది నేషనల్ బుక్ అవార్డు కూడా వచ్చింది. వలస పాలన ఏం చేసింది, చెరకు కంపెనీలు ఏం చేశాయి, ఫ్యాక్టరీ జీతం ఎంత అనే ప్రశ్నలు వెనక్కి పోయాయి. కుటుంబంలోని గొడవలు, పడకగది ముందుకొచ్చాయి. పేదవాడి పేదరికానికి పేదవాడే కారణం అనే వాదన మన వాడల మీద రాసిన పుస్తకాల్లోనూ మీరు చదివే ఉంటారు.

దీనికి జవాబు లోపలి నుంచే వచ్చింది. బర్కిలీలో ఒక్టావియో రొమానో 1968లో "ఎల్ గ్రీటో" పత్రికలో ఒక వ్యాసం రాశాడు. మెక్సికన్ అమెరికన్లను చరిత్ర లేని, కదలిక లేని, విధిని నమ్ముకుని కూర్చున్న జనంగా చిత్రించిన సామాజిక శాస్త్రవేత్తలను ఒక్కొక్కరినే నిలదీశాడు. సమ్మెలు చేసినవాళ్లు, సంఘాలు కట్టినవాళ్లు, పత్రికలు నడిపినవాళ్లు వాళ్ల కళ్లకు ఎందుకు ఆనలేదని అడిగాడు.

రొమానో కంటే పదేళ్ల ముందే టెక్సాస్‌లో అమేరికో పరేదెస్ ఇంకో దారి చూపించాడు. సరిహద్దు పట్టణం బ్రౌన్స్‌విల్‌లో పుట్టినవాడు, జర్నలిస్టుగా పనిచేసినవాడు. అప్పటికి టెక్సాస్ చరిత్ర అంటే టెక్సాస్ విశ్వవిద్యాలయపు వాల్టర్ ప్రెస్కాట్ వెబ్ రాసిందే. అందులో రేంజర్ పోలీసులు వీరులు. పరేదెస్ అదే విశ్వవిద్యాలయంలో కూర్చుని, 1901లో రేంజర్ల నుంచి తప్పించుకు తిరిగిన గ్రెగోరియో కోర్తెజ్ మీద జనం కట్టుకున్న పాటలను సాక్ష్యంగా తీసుకున్నాడు. వీరుడు ఎవరో, వేటగాడు ఎవరో ఆ పాటలు తిరగరాశాయి. ఆ పుస్తకం 1958లో వచ్చింది. పాటను ఆర్కైవుగా చూడటం గద్దర్‌నీ గూడ అంజయ్యనీ విన్న మనకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక వీధి. 1968 మార్చిలో తూర్పు లాస్ ఏంజెలెస్‌లో పది వేల మందికి పైగా హైస్కూలు పిల్లలు బడులు వదిలి బయటికి నడిచారు. లింకన్ హైస్కూలు టీచర్ సాల్ కాస్ట్రో వాళ్ల పక్కన నిలబడ్డాడు. మా చరిత్ర చెప్పండి, మా టీచర్లను పెట్టండి, కొట్టడం ఆపండి, మమ్మల్ని వృత్తి శిక్షణకు తోసేయకుండా కాలేజీకి తయారు చేయండి. ఇవీ డిమాండ్లు. ప్రభుత్వం 13 మంది మీద కుట్ర కేసు పెట్టింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో శాంటా బార్బరాలో చికానో విద్యార్థులు, అధ్యాపకులు కూడి ఒక ప్రణాళిక రాసుకున్నారు. విశ్వవిద్యాలయం మా జనానికి జవాబు చెప్పాలి, మాకు సొంత విభాగాలు, సొంత పరిశోధన కావాలి అన్నది దాని ప్రాణం.

అదే 1969 ఏప్రిల్‌లో, దేశం అవతలి ఒడ్డున, న్యూయార్క్ సిటీ కాలేజీలో నల్లజాతి, పోర్టోరికన్ విద్యార్థులు కలిసి దక్షిణ క్యాంపస్‌ను ఆక్రమించారు. రెండు వారాల పాటు దానికి హార్లెం విశ్వవిద్యాలయం అని పేరు పెట్టి నడిపారు. నగరంలోని హైస్కూళ్లలో ఏ జాతుల పిల్లలు ఏ నిష్పత్తిలో ఉన్నారో కాలేజీలోనూ అలాగే ఉండాలన్నారు. 1970 నుంచి నగర విశ్వవిద్యాలయం తలుపులు అందరికీ తెరిచింది. ఆ కాలేజీ ఉన్న చోటుకు సుమారు ఇరవై వీధుల దక్షిణాన కొలంబియా విశ్వవిద్యాలయం ఉంది. 1913 నుంచి 1916 దాకా బాబాసాహెబ్ చదివిన చోటు. బ్లాక్ పాంథర్స్‌ను చూసి న్యూయార్క్, షికాగోల్లో పోర్టోరికన్ యువత యంగ్ లార్డ్స్‌గా సంఘటితమైంది. వాళ్లనే చూసి 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది. అంటే యంగ్ లార్డ్స్, దళిత్ పాంథర్స్ ఒకే తల్లి కడుపున వేర్వేరు ఖండాల్లో పుట్టిన తోబుట్టువులు.

ఈ పోరాటాల నుంచే కేంద్రాలు వచ్చాయి. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చికానో అధ్యయన కేంద్రం 1969లో మొదలైంది. ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో మెక్సికన్ అమెరికన్ అధ్యయన కేంద్రం 1970లో వచ్చింది, పరేదెస్ నాయకత్వంలో. న్యూయార్క్ హంటర్ కాలేజీలో పోర్టోరికన్ అధ్యయన కేంద్రం 1973లో. అందరూ దాన్ని సెంట్రో అంటారు. స్టాన్‌ఫర్డ్‌లో చికానో పరిశోధన కేంద్రం 1980లో, చరిత్రకారుడు ఆల్బర్ట్ కమరీయో చేతుల మీదుగా.

సెంట్రో సంగతి కొంచెం విడిగా చెప్పాలి. దాన్ని నిలబెట్టిన ఫ్రాంక్ బొనీయా 1925లో న్యూయార్క్‌లో పోర్టోరికన్ తల్లిదండ్రులకు పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడు. హార్వర్డ్‌లో డాక్టరేట్. స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్. ఆ సుఖమైన కుర్చీ వదిలి 1973లో హంటర్‌కు వచ్చాడు. సెంట్రోలో పరిశోధన అంటే ఒక పెద్ద ప్రొఫెసరు, ఆయన సంచి మోసే విద్యార్థులు కాదు. బృందాలుగా కూర్చుని చదివారు, కలిసి రాశారు. 1979లో వచ్చిన వలస కార్మికుల చరిత్ర పుస్తకం మీద రచయితగా వ్యక్తి పేరు కాకుండా "హిస్టరీ టాస్క్ ఫోర్స్" అనే ఉంటుంది. పోర్టోరికన్లు న్యూయార్క్ ఎందుకు వచ్చారన్న ప్రశ్నకు లూయిస్ కుటుంబంలో వెతికిన జవాబును వీళ్లు పెట్టుబడి కదలికల్లో వెతికారు.

అయినా ఈ కేంద్రాలు దేనికది ఒంటరే. ప్రొఫెసర్ ఉద్యోగాలను శాశ్వతం చేసే అధికారం పాత విభాగాల చేతుల్లో ఉంది. మా పత్రికలో వ్యాసం రాశాను అంటే అది పరిశోధన కాదు, ప్రచారం అనే కమిటీలు ఉన్నాయి. నిధులు గ్రాంటు ఉన్నంత కాలమే. లాస్ ఏంజెలెస్‌లో ఒక పిల్ల మెక్సికన్ దుస్తుల కార్మికుల మీద పనిచేస్తుంటే, న్యూయార్క్‌లో ఇంకో పిల్ల పోర్టోరికన్ దుస్తుల కార్మికుల మీద పనిచేస్తుంటుంది. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇద్దరి థీసిస్‌లూ వేర్వేరు అల్మారాల్లో దుమ్ము పట్టిపోతాయి.

అన్నిటికంటే పెద్ద దెబ్బ అంకెల దగ్గర. కులగణన గురించి కొట్లాడుతున్న మనం ఇది జాగ్రత్తగా చూడాలి. 1930 జనగణనలో "మెక్సికన్" అని ఒక జాతి గడి పెట్టారు. వ్యతిరేకత వచ్చింది, 1940లో తీసేశారు. 1970లో స్పానిష్ మూలం గురించి ప్రశ్న పెట్టారు, అదీ జనాభాలో 5 శాతం శాంపిల్‌కే. అందులో "సెంట్రల్ ఆర్ సౌత్ అమెరికన్" అనే గడి ఉంది. దాన్ని చూసి అమెరికా మధ్య భాగంలో, దక్షిణ రాష్ట్రాల్లో ఉండే తెల్లవాళ్లు కొందరు మేం సెంట్రల్ వాళ్లమే, సౌత్ వాళ్లమే అనుకుని టిక్కు పెట్టేశారు. నవ్వొస్తుంది. కానీ ఆ లెక్కల మీదే స్కూళ్లు, ఆసుపత్రులు, నియోజకవర్గాలు తేలతాయి. ప్రశ్నను ఎవరు రాస్తారన్నది ఎంత ముఖ్యమో దీన్ని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. ఒత్తిడి పెరిగి, 1976లో స్పానిష్ మూలాల జనం గురించి లెక్కలు సేకరించి తీరాలని చట్టం వచ్చింది. దాని వెనుక లాస్ ఏంజెలెస్ నుంచి గెలిచిన కాంగ్రెస్ సభ్యుడు ఎడ్వర్డ్ రోయ్‌బాల్ ఉన్నాడు. 1980లో ఇంటింటినీ అడిగారు. 1 కోటి 46 లక్షల మంది తేలారు. 2020 నాటికి 6 కోట్ల 21 లక్షలు.

లెక్క తేలింది. ఇప్పుడు దాన్ని చదివేది ఎవరు? ప్రభుత్వాలు, మార్కెట్ కంపెనీలు, పాత విభాగాల ప్రొఫెసర్లు "హిస్పానిక్" అనే ఒకే ముద్దను చూడటం మొదలుపెట్టారు. పక్కన, 1980ల రీగన్ పాలనలో సంక్షేమ పథకాల మీద కోత. ఇలాంటి సమయంలో, 1983లో, ఆ నాలుగు కేంద్రాలు కలిశాయి. లాస్ ఏంజెలెస్, ఆస్టిన్, హంటర్, స్టాన్‌ఫర్డ్. తొలి సంవత్సరాల్లో కూటమిని నడిపినవాళ్లలో కమరీయో, ఆ తర్వాత బొనీయా ముఖ్యులు. ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బు ఇచ్చింది. 1980ల మధ్య నుంచి సోషల్ సైన్స్ రీసెర్చ్ కౌన్సిల్‌తో కలిసి లాటినోల సమస్యల మీద పరిశోధన చేసేవాళ్లకు గ్రాంట్లు ఇచ్చే ఏర్పాటు జరిగింది.

ఇక్కడే నేను ఈ వ్యాసం రాయడానికి కారణమైన విషయం ఉంది. వాళ్లు కలిశారు, కానీ ఒకటైపోలేదు. సెంట్రో తన పోర్టోరికన్ పేరు మార్చుకోలేదు. లాస్ ఏంజెలెస్ కేంద్రం చికానో అనే మాట వదులుకోలేదు. ఎవరి లైబ్రరీ వాళ్లదే, ఎవరి పత్రిక వాళ్లదే, ఎవరి జనానికి వాళ్లే జవాబుదారీ. కలిసి చేయాల్సినవి మాత్రమే కలిసి చేశారు: పోల్చి చూసే పరిశోధన, యువ పరిశోధకుల శిక్షణ, నిధుల కోసం బేరం, విధానాలు చేసేవాళ్ల ముందు ఉమ్మడి గొంతు. కూటమి కార్యాలయం కూడా ఒకచోటే పాతుకుపోలేదు. తర్వాతి దశాబ్దాల్లో నోటర్ డామ్‌కు, షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి, హ్యూస్టన్‌కు మారుతూ వచ్చింది. అది ఎవరి జాగీరూ కాలేదు.

పోల్చి చూడటం వల్ల ఏమొస్తుంది? రెండు ఉదాహరణలు చెప్తాను.

1989, 90ల్లో నలుగురు లాటినో రాజకీయ శాస్త్రవేత్తలు, రొడాల్ఫో దె లా గార్సా, ఏంజెలో ఫాల్కోన్, క్రిస్ గార్సియా, జాన్ గార్సియా, వేర్వేరు చోట్ల పనిచేస్తూనే కలిసి ఒక జాతీయ సర్వే చేశారు. మెక్సికన్, పోర్టోరికన్, క్యూబన్ మూలాలున్న 2,817 మందిని ముఖాముఖి అడిగారు. మీరు ఎవరు అంటే ఎక్కువమంది లాటినో అనలేదు, హిస్పానిక్ అనలేదు. మెక్సికన్, పోర్టోరికన్, క్యూబన్ అన్నారు. గొడుగు పేరు మీద పనిచేస్తున్న పండితులే, మా జనం గొడుగు కంటే ఇంటి పేరునే ఎక్కువ పలుకుతున్నారని అచ్చు వేసి చెప్పారు. పరిశోధనకూ ప్రచారానికీ తేడా ఇదే. మనకు ఇష్టమైన జవాబు రాకపోయినా దాచకూడదు.

రెండోది. 1987 తర్వాత అమెరికాలో "అండర్‌క్లాస్" అనే మాట మీద పెద్ద చర్చ నడిచింది. ఫ్యాక్టరీలు మూతపడి, పని పోయి, నగరం నడిబొడ్డున చిక్కుకుపోయిన నల్లజాతి పేదల గురించి విలియం జూలియస్ విల్సన్ చెప్పిన సిద్ధాంతం అది. అందరూ దాన్ని తెచ్చి లాటినో వాడలకు అతికించారు. జోన్ మూర్, రాకెల్ పిండర్‌హ్యూస్ సంపాదకత్వంలో 1993లో వచ్చిన "ఇన్ ద బారియోస్" పుస్తకం ఊరూరా పరీక్ష పెట్టింది. లాస్ ఏంజెలెస్, షికాగో, మయామీ, హ్యూస్టన్, బ్రూక్లిన్, టూసాన్, లరేడో. ఒక్కో ఊళ్లో ఒక్కో బొమ్మ. ఒకచోట పని పోవడం సమస్య, ఇంకోచోట పని ఉంది కానీ కూలి చాలదు. సరిహద్దు పట్టణంలో లెక్కకు ఎక్కని చిన్న వ్యాపారాలే బతుకుతెరువు. ఒక ఊరి మనిషి ఒక్కడే ఈ పుస్తకం రాయలేడు. దీనికి వల కావాలి.

కూటమి సొంతంగా తెచ్చిన పనుల్లో 1998 నాటి "బోర్డర్‌లెస్ బోర్డర్స్" ఒకటి. బొనీయా, ఎడ్విన్ మెలెండెజ్, రెబెకా మొరాలెస్, మరియా దె లోస్ ఏంజెలెస్ టోరెస్ సంపాదకులు. అమెరికాలోని లాటినోల బతుకునూ, లాటిన్ అమెరికా దేశాల ఆర్థిక స్థితినీ విడదీసి చూడలేమన్నది దాని వాదన. మ్యూజియంల సంగతీ పట్టించుకున్నారు. 1994లో స్మిత్సోనియన్ సంస్థ తాను వేసిన కమిటీ చేతే, లాటినోల పట్ల కావాలని చేసిన నిర్లక్ష్యం అనే పేరుతో నివేదిక అందుకోవాల్సి వచ్చింది. ఆ దశకంలోనే కూటమి స్మిత్సోనియన్‌తో కలిసి లాటినో పరిశోధక విద్యార్థులకు మ్యూజియం పనిలో శిక్షణ ఇచ్చింది.

అంతా బాగుందని చెప్పడం నా ఉద్దేశం కాదు. గొడుగు కింద కూడా తడిసినవాళ్లు ఉన్నారు.

మొదట ఆడవాళ్లు. 1969 శాంటా బార్బరా ప్రణాళికలో స్త్రీల ప్రస్తావనే లేదని చికానా స్త్రీవాదులు ఎత్తిచూపారు. ఉద్యమంలో వంట, టైపింగ్ మాది, వేదిక మీది, కేంద్రం మీది అయితే ఎలా అని అడిగారు. 1982లో కాలిఫోర్నియాలో విద్యారంగంలోని చికానాలు "ముహేరెస్ ఆక్తీవాస్ ఎన్ లేత్రాస్ ఇ కాంబియో సోసియాల్" అనే సొంత సంఘం పెట్టుకున్నారు. అంటే, అక్షరంలోనూ సామాజిక మార్పులోనూ చురుకైన స్త్రీలు. కూటమి పుట్టడానికి ఒక ఏడాది ముందే. దళిత స్త్రీలు వేరుగా ఎందుకు మాట్లాడుతున్నారని ఇంకా అడిగే అన్నలకు ఈ తేదీ గుర్తు చేయండి.

తర్వాత నల్ల లాటినోలు. అర్టూరో షోంబర్గ్ 1874లో పోర్టోరికోలో పుట్టిన నల్లజాతీయుడు. నల్లవాళ్లకు చరిత్ర లేదని చిన్నప్పుడు టీచర్ అన్న మాటకు జీవితమంతా జవాబు చెప్తూ పుస్తకాలు, పత్రాలు పోగుచేశాడు. 1926లో ఆ సేకరణ న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీకి చేరింది. ఇవాళ హార్లెంలో ఆయన పేరుతోనే పెద్ద పరిశోధన కేంద్రం ఉంది. ఇంతటి మనిషి పోర్టోరికన్ అన్న సంగతి లాటినో చరిత్రలోనూ చాలాకాలం అంచునే ఉండిపోయింది. లాటినోల లోపలి వర్ణభేదం గురించి మిరియం హిమెనెజ్ రోమాన్, హువాన్ ఫ్లోరెస్ 2010లో ఆఫ్రో లాటినోల మీద పెద్ద సంకలనం తెచ్చేదాకా చర్చ అంత గట్టిగా జరగలేదు.

మూడోది, చిన్న సమూహాలు. డొమినికన్లు మేం మీ గొడుగులో నీడ కాదు, మాకూ ఒక పేరుంది అన్నారు. 1992లో సిటీ కాలేజీలోనే, 1969లో ఆక్రమించిన ఆ కాలేజీలోనే, డొమినికన్ అధ్యయన సంస్థ మొదలైంది. వాళ్లు తమ పేరుతో కూటమిలో చేరారు. మయామీలోని క్యూబన్ పరిశోధన సంస్థ కూడా అంతే. నాలుగుతో మొదలైన కూటమి ఇరవైకి పైగా కేంద్రాలకు పెరిగింది ఇలాగే. కొత్తవాళ్లు పేరు వదులుకుని లోపలికి రాలేదు, పేరు పట్టుకుని వచ్చారు.

నాలుగోది డబ్బు. ఫౌండేషన్ డబ్బుతో నడిచే పరిశోధన, ఫౌండేషన్‌కు నచ్చే ప్రశ్నలే అడుగుతుందన్న విమర్శ ఉంది. వీధిలో పుట్టిన కేంద్రం మెల్లగా వీధి భాష మర్చిపోయి, గ్రాంటు దరఖాస్తు భాష నేర్చుకుంటుంది. ఈ విమర్శను తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ డబ్బు తీసుకోకుండా గది మూసేసుకోవడం కూడా జవాబు కాదు. కూటమిగా ఉంటే బేరం ఆడే బలం కొంచెం ఎక్కువ. నేను చూసినంతలో అంతకుమించిన హామీ ఎక్కడా లేదు.

బలం ఎందుకు కావాలో అరిజోనా చూపించింది. టూసాన్ బడుల్లో మెక్సికన్ అమెరికన్ చరిత్ర, సాహిత్యం చెప్పే కార్యక్రమం ఉండేది. 2010లో రాష్ట్రం దాన్ని గురిపెట్టి చట్టం తెచ్చింది. 2012లో తరగతులు ఆపేశారు, కొన్ని పుస్తకాలను క్లాసురూముల నుంచి తీసేశారు. విద్యార్థులు కోర్టుకెళ్లారు. 2017లో ఫెడరల్ జడ్జి వాలెస్ టషీమా, ఈ చట్టాన్ని తెచ్చిందీ అమలు చేసిందీ జాతి ద్వేషంతోనే అని తేల్చాడు. కోర్టులో మా చరిత్ర నిజమైన చరిత్రే అని చెప్పాలంటే దశాబ్దాల పరిశోధన వెనకాల ఉండాలి. ఆ పరిశోధన ఒక్క రాత్రిలో పుట్టదు.

ఈ దారి ఇంకా సాగుతోంది. 2021లో మెల్లన్ ఫౌండేషన్ ఇచ్చిన 50 లక్షల డాలర్లతో షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం కేంద్రంగా, లాటినో విద్యార్థులు ఎక్కువగా చదివే పరిశోధన విశ్వవిద్యాలయాలు కలిసి "క్రాసింగ్ లాటినిదాదెస్" అనే కార్యక్రమం మొదలుపెట్టాయి. నడిపింది "బోర్డర్‌లెస్ బోర్డర్స్" సంపాదకుల్లో ఒకరైన టోరెస్. 2022లో అలాంటి 20 విశ్వవిద్యాలయాలు కూటమి కట్టి, 2030 నాటికి లాటినో పీహెచ్‌డీ విద్యార్థుల సంఖ్యను రెట్టింపు చేస్తామని, లాటినో ప్రొఫెసర్లను 20 శాతం పెంచుతామని ప్రకటించాయి. 1983లో నాలుగు గదులు అడిగిన ప్రశ్నను ఇప్పుడు విశ్వవిద్యాలయాలే తమ లక్ష్యంగా రాసుకుంటున్నాయి. లక్ష్యం చేరతారో లేదో కాలం చెప్తుంది. అడగాల్సిన అంకె ఏమిటో మాత్రం అందరి ముందూ ఉంది.

ఇక మన దగ్గరికి. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో అంబేద్కర్ పేరుతో కేంద్రాలు, పీఠాలు ఉన్నాయి. సామాజిక వెలి మీద అధ్యయన కేంద్రాలు ఉన్నాయి. దళిత సాహిత్యం మీద థీసిస్‌లు ఉన్నాయి. దేనికది ఒక గది. రోహిత్ 2016లో మనల్ని వదిలి వెళ్లాక ఎన్ని క్యాంపస్‌లు ఒక్కసారిగా కదిలాయో చూశాం. ఆ కదలిక వీధిలో కలిపింది. అల్మారాల్లో ఇంకా కలపలేదు.

ఇంకో మాట. 2024 ఆగస్టు 1న ఎస్సీ వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ 59 కులాలను మూడు గ్రూపులు చేశారు. మాదిగ, మాల, రెల్లి, ఉపకులాలు, ఎవరి బాధ వాళ్లది, ఎవరి లెక్క వాళ్లది. మన మధ్య మాటలు తెగిపోయిన చోట్లున్నాయి. లాటినో కేంద్రాల చరిత్ర మనకు వర్గీకరణ మీద తీర్పు చెప్పదు. అది వాళ్ల పని కాదు. కానీ ఒక విషయం మాత్రం చూపిస్తుంది. ఐక్యత కావాలంటే పేరు వదులుకో అన్న షరతు పెడితే చిన్నవాడు బయటే ఉండిపోతాడు. నీ పేరుతోనే రా, నీ లెక్క నువ్వే తీసుకురా, పక్కపక్కన పెట్టి చూద్దాం అంటే వస్తాడు. డక్కలి మీద, బైండ్ల మీద, మాష్టిన్ మీద పనిచేసే పరిశోధకుడికి ఆ కులం పేరుతోనే చోటు ఇవ్వగలిగితేనే దళిత అనే గొడుగుకు అర్థం ఉంటుంది.

పని చిన్నదిగానే మొదలుపెట్టొచ్చు. ఫౌండేషన్ అక్కర్లేదు, వీసీ సంతకం అక్కర్లేదు. మీ విశ్వవిద్యాలయంలో ఇప్పటిదాకా దళితుల మీద, దళితులు రాసిన ఎం.ఫిల్, పీహెచ్‌డీ థీసిస్‌ల జాబితా తీయండి. పేరు, ఏడాది, విషయం, ఏ ఊరు, ఏ కులం, ఏ అల్మారా. పక్క విశ్వవిద్యాలయంలో ఇంకొకరు అదే పని చేస్తారు. రెండు జాబితాలూ పక్కన పెట్టండి. ఒకే విషయం మీద ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా పనిచేసిన ఇద్దరు తప్పకుండా దొరుకుతారు. వాళ్లిద్దరినీ కలపండి. నాలుగు ఊళ్లలో ఇది జరిగితే మనకూ ఒక కూటమికి పునాది పడినట్టే.

ఎవరైనా జాబితా మొదలుపెడితే కామెంట్లలో చెప్పండి. మిగతావాళ్లు చేయి వేస్తారు.

జై భీమ్.